తర్వాత బంతి

మా డ్రిల్లు మాస్టారు పోయారన్న కబురు నాకు నాపరాళ్ళ లారీతో పాటు వచ్చింది.

నరసరావుపేటలో మా హాస్టలు ముందుకు వచ్చినప్పుడల్లా నాన్న హారన్ మోగించి, పిల్లలందరూ కిటికీల్లోంచి తొంగి చూసేదాకా ఊరుకునేవాడు కాదు. ఆ రోజు మాత్రం లారీని రోడ్డుకవతల ఆపి, దిగి వచ్చి, గేటు కమ్మీ పట్టుకొని నిలబడ్డాడు. నేను పరుగెత్తుకుంటూ వెళ్ళాను.

"ఏంది నాన్నా, అక్కడే నిలబడ్డావు?"

"మాస్టారు పోయాడమ్మా," అన్నాడు. "నిన్న పొద్దున. సాయంత్రానికల్లా అంతా అయిపోయింది. నీకు కబురంపుదామంటే ఇటొచ్చే మనిషే దొరకలా."

నాకు ముందు ఏడుపు రాలేదు, సిగ్గు వేసింది. ఆయన మంచాన పడ్డారని తెలుసు. పరీక్షలు కానీ, వెళ్ళి చూద్దాం అనుకున్నాను. మా పరీక్షల సంగతి చావుకెట్లా తెలుస్తుంది?

ఇది చదివేవారిలో మా వైపు రానివారికి ఆయనెవరో తెలియదు. ఆయన పేరు రాసినా తెలియదు కాబట్టి రాయడం లేదు. గురజాలకూ మాచర్లకూ మధ్య ఉన్న మా ఊళ్ళో కూడా ఆయన్ను పేరుతో పిలిచినవాళ్ళు లేరు. డ్రిల్లు మాస్టారంటే ఆయనే. ఆయన భార్య మాస్టారమ్మ. ఆయన ఇంటి సందు డ్రిల్లు మాస్టారి సందు.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో ఆయన మా హైస్కూలుకి వచ్చారట. ఊరి చుట్టూ క్వారీలు. ఎటు చూసినా తవ్విపోసిన రాతి పొట్టు, సున్నపు బట్టీలు. స్కూలు వెనక ఆ పొట్టు గుట్టలే ఉండేవి. మాస్టారు పిల్లల చేత, పెద్దల చేత వాటిని చదును చేయించి, రెండు సర్వి వాసాలు పాతి, వాలీబాల్ కోర్టు వేశారు. గీతలు సున్నంతో గీసేవారు. "మనూళ్ళో సున్నానికేం కరువురా, కరువంతా నీళ్ళకేగా," అనేవారు. ఆ నేల మీద ఎవరు పడ్డా మోకాలు చెక్కుకుపోవాల్సిందే. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు మా ఊరి క్లబ్బు జట్టుకి 'రాళ్ళోళ్ళు' అని పేరు పెట్టారు. వెక్కిరింపుగా పెట్టిన పేరు కాస్తా రెండేళ్ళలో గొప్ప పేరైపోయింది. 'రాళ్ళోళ్ళు వస్తున్నారంట' అంటే పెదకూరపాడు నుంచి కూడా జనం ఎడ్లబళ్ళు కట్టుకుని వచ్చేవారట.

ఆ జట్టులో ఎవరెవరుండేవాళ్ళో నాకు చిన్నప్పటి నుంచీ కంఠతా వచ్చు. వెనక కాపు కాసేది మాస్టారు. ఆయన పొట్టి మనిషి, నేలకి దగ్గరగా ఉండేవారు. బంతి నేలను తాకబోయే ముందు ఆయన అరచెయ్యి అక్కడ ఉండేది. సర్వీసు చేసేది టైలరు. కింది నుంచి కొట్టినా బంతి గాల్లో మెలి తిరిగి పడేది. మూలల్లో సోడా కొట్టు ఆయన, తపాలా బంట్రోతు. లిఫ్టరు మా నాన్న. అంటే బంతిని వల పక్కన సరిగ్గా, మెత్తగా పైకి లేపి పెట్టేవాడన్నమాట. ఆ లేపిన బంతిని ఎగిరి అవతలి కోర్టులో దించేవాడు ఆరోవాడు.

మా ఇంట్లో గోడకి ఒక ఫొటో ఉంది. కప్పుతో జట్టు దిగిన ఫొటో. అందులో ఐదుగురే ఉంటారు. "వాలీబాల్ ఆరుగురు గదా నాన్నా, ఆరోవాడేడీ?" అని చిన్నప్పుడు అడిగితే, "ఫొటో తీసింది వాడేలేవే," అనేవాడు నాన్న. నేను నవ్వేదాన్ని. అమ్మ నవ్వేది కాదు.

మాస్టారి దగ్గర ఉన్నది ఒకే ఒక్క తోలు బంతి. ఆయన దాన్ని బిడ్డలాగా చూసేవారు. సైకిలు పంపుతో గాలి కొట్టడం, మూతి బిగించి తోలుతాడు కట్టడం, ఆముదం రాసి నీడలో ఆరబెట్టడం, అన్నీ ఆయనే చేసేవారు. కుట్లు ఊడితే చెప్పులు కుట్టే ఆరెతో ఆయనే కుట్టుకునేవారు. బంతి ఆవకాయ జాడీ పక్కన గూట్లో ఉండేది.

"పచ్చడి మీద పెట్టబాకండి దాన్ని, తోలుగదా అది," అని మాస్టారమ్మ గోల.

"పచ్చడికి ఏం కాదులేవే. బంతికి ఉప్పు తగలకుండా చూడు."

"దేవుడి గూట్లో పెట్టుకోండి పోయి. ఇద్దరికీ కలిపి హారతిస్తా."

"ఇస్తే ఇయ్యి. దేవుడు ఎప్పుడన్నా గెలిపించాడేమో గాని, ఇది రోజూ గెలిపిస్తంది."

ఆయన నేర్పిన మాటల్లో మొదటిది ఇదీ: "పట్టుకుంటే తప్పు. వదిలితే ఆట." వాలీబాల్‌లో బంతి చేతిలో ఆగకూడదు, ఆగితే అవతలివాడికి పాయింటు. ఇంకో మాట నాన్న కోసమే పుట్టింది. లిఫ్టరు సరిగ్గా బంతి లేపినప్పుడల్లా మాస్టారు వెనక నుంచి కేకేసేవారు: "వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటేరా!" అందరికీ తెలిసిన సామెతే. కాని కోర్టులో దానికి ఇంకో అర్థం వచ్చింది. బంతిని మూడుసార్లే తాకనిస్తారు గదా, మూడోది కడబంతి. నాన్న వడ్డిస్తాడు, ఆరోవాడు కడబంతి కొడతాడు. చూసేవాళ్ళంతా పడీపడీ నవ్వేవారట. నేను పుట్టి, నాకు ఊహ తెలిసేసరికి మాస్టారు ఆ సామెత అనడం మానేశారు. ఆ సంగతులన్నీ నాన్న చెప్పగా విన్నవే.

నేను ఎరిగిన మాస్టారు ఎలాంటివారో చెబుతాను.

మేం ఆడపిల్లలం హైస్కూలుకి వచ్చేసరికి, మగపిల్లల వల పక్కనే మాకు ఇంకో వల కట్టించారు. కొంచెం కిందికి, లంగా ఓణీలతోనే ఆడుకోమన్నారు. అమ్మలంతా దండెత్తి వచ్చారు. "ఆడపిల్లలు ఎగరటమేంది మాస్టారూ, రేపు పెళ్ళిళ్ళు కావద్దా?" అని మా పక్కింటి అత్త నిలదీసింది.

"ఎగరనియ్యండమ్మా. నేల ఎక్కడికీ పోదు గదా," అన్నారాయన.

పదో తరగతి కాగానే నా చదువు ఆపుదామనుకున్నాడు నాన్న. మాస్టారు సాయంత్రం మా ఇంటికొచ్చి, అరుగు మీద కూర్చుని, మంచినీళ్ళు తాగి, ఒకటే మాటన్నారు: "దీనికి మాట బాగా లేస్తుంది. నువ్వు లిఫ్టరువి. ఎత్తడం తప్ప నీకు వేరే పనేముంది?" ఈ రోజు నేను కాలేజీలో తెలుగు చదువుతూ, ఒక్కో మాటనూ అటు తిప్పి ఇటు తిప్పి చూసుకుంటున్నానంటే ఆ ఒక్క సాయంత్రమే కారణం.

ఆయనకి రెండు అలవాట్లుండేవి. వాటికి అర్థం మాలో ఎవరికీ తెలియదు. ఏ పెళ్ళికెళ్ళినా, ఏ దినానికి వెళ్ళినా ఆయన ముందుగా తినేవారు కాదు. "మీరు కానివ్వండి, నేను తర్వాత," అని పందిరి గుంజకు ఆనుకొని నిలబడేవారు. వడ్డించినవాళ్ళు, ఎంగిలాకులు ఎత్తినవాళ్ళు, అంట్లు తోమినవాళ్ళు కూర్చున్నాక వాళ్ళ పక్కన కూర్చునేవారు. "చానా గొప్ప మనిషమ్మా," అని ఊరంతా మెచ్చుకునేది. ఎదురుగా మెచ్చుకుంటే ఆయన అక్కణ్ణించి లేచి వెళ్ళిపోయేవారు.

రెండోది, మా స్కూలు జట్టు ఏ ఊరు పోటీకి వెళ్ళినా ఎవరింట్లోనూ భోజనానికి ఒప్పుకునేవారు కాదు. బియ్యం, పప్పు, పెద్ద సత్తు గిన్నె మా వెంటే వచ్చేవి. మూడు రాళ్ళు పేర్చి ఆయనే వండేవారు. పిల్లలందర్నీ ఒక్కసారే కూర్చోబెట్టేవారు. "ఇంత పిసినారి మాస్టారు ఎక్కడా లేడే, అక్కడ అరిసెలు చేశారంట!" అని నేనే స్నేహితురాళ్ళతో గొణిగాను. ఆయన విన్నారో లేదో తెలియదు.

పోయిన దసరా సెలవులకి ఊరు వెళ్ళినప్పుడు, నా దగ్గర ఒక కొత్త సంగతి ఉంది. మా తెలుగు మేష్టారు క్లాసులో ఒక మాటకి ఉన్న రకరకాల అర్థాలు చెబుతూ, భోజనాల వరసని బంతి అంటామే, అది 'పంక్తి' నుంచి వచ్చిందని, ఆడుకునే బంతి వేరే మాట అని చెప్పారు. బంతిపువ్వు సంగతి ఇంకా వేరట. ఒకేలా కనబడే మాటలు ఒకదానికొకటి ఏమీ కావంటే నాకు ఎంత ఆశ్చర్యమో! ఆ రాత్రే అనుకున్నాను, ఇది చెప్పాల్సింది డ్రిల్లు మాస్టారికేనని. ఆయన సామెత ఇప్పుడు ఇంకా బాగుంటుంది గదా.

వెళ్ళేసరికి ఆయన వసారాలో కూర్చుని బంతి కుడుతున్నారు. అప్పటికే గొంతు కొంచెం బొంగురు పోయి ఉంది.

"మాస్టారూ, మీకొక సంగతి తెలుసా? ఆ బంతీ ఈ బంతీ చుట్టాలు కావంట!"

"ఏ బంతమ్మా?"

"అదే, మీ చేతిలో బంతీ, భోజనాల బంతీ. మాట ఒకటే గాని, ఒకదాని గడప ఇంకోటి తొక్కదంట. ఇది ఇక్కడిది, అది ఎక్కడినుంచో వచ్చింది. మీ కడబంతి సామెత ఉందే..."

ఆరె ఆయన వేలిలో దిగింది. రక్తం చూసి నేను ఆగిపోయాను. ఆయన మాత్రం వేలు నోట్లో పెట్టుకుని తీశారు.

"తెలుసమ్మా," అన్నారు. "అవి చుట్టాలు కావు. నాకు పుస్తకంలో ఎవరూ చెప్పలా. శావల్యాపురం అవతల ఒక ఊళ్ళో తెలిసింది."

మాస్టారమ్మ లోపలి నుంచి వచ్చి, "దానికెందుకు చెబుతారు అవన్నీ," అంది.

"చెప్పాలి. వాళ్ళ నాన్న చెప్పడు," అన్నారాయన.

ఆ రోజు ఆయన చెప్పింది, తర్వాత నాన్నని నిలదీస్తే చెప్పింది, రెండూ కలిపి రాస్తున్నాను.

ఆరోవాడి పేరు యాకోబు. క్వారీలో నాపరాయి తీసేవాడు. ఊరికి తూర్పున క్రైస్తవుల పల్లెలో ఉండేవాడు. మనిషి తాడిచెట్టంత, వాటం ఎడమ చెయ్యిది. ఒకరోజు అతను కింద నుంచి రాళ్ళు అందిస్తుంటే, నాన్న లారీ మీద నిలబడి అందుకుంటున్నాడట. ఆ దారిన పోతూ మాస్టారు ఆగి చూశారు. "ఒరేయ్, సాయంత్రం స్కూలు కాడికి రా," అన్నారు. అతను వచ్చాడు గాని, ప్రహరీ దాటి లోపలికి అడుగు పెట్టలేదు. మాస్టారు వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, సున్నపు గీత చూపించి, "ఈ గీత లోపల నువ్వు నా ఆటగాడివి. ఇంకేం కావు," అన్నారు. అతను కొట్టిన మొదటి దెబ్బకి బంతి వెళ్ళి హెడ్మాస్టరు గారి గది పెంకు పగలగొట్టింది. "పెంకులు నేను వేయిస్తా, నువ్వు కొట్టు," అన్నారట మాస్టారు.

ఎడమచేతి వాటం కావడంతో అతని బంతి ఎటు దిగుతుందో అవతలివాళ్ళకి అందేది కాదు. నాన్నా, అతనూ మాటలు లేకుండా ఆడేవాళ్ళు. నాన్న కళ్ళెత్తితే అతను ఎగిరేవాడు. రాళ్ళోళ్ళకి పేరొచ్చిందంటే ఆ ఇద్దరి వల్లే. ఆ మాట నాన్న ఒప్పుకోడు. "వాడొక్కడి వల్లే," అంటాడు.

శావల్యాపురం అవతలి ఊళ్ళో పెద్ద పోటీ. పొద్దున ఆటలో గెలిచారు. సాయంత్రం ఆఖరి ఆట. మధ్యాహ్నం ఊరి మోతుబరి ఇంట్లో జట్లన్నిటికీ భోజనాలు. తాటాకు పందిరి, విస్తరాకులు, నేతి వాసన. కాళ్ళు కడుక్కుంటుంటే ఆ ఇంటి గుమాస్తా వచ్చి మాస్టారిని పక్కకి పిలిచాడు.

"ఆ పొడుగాటాయన బాగా ఆడాడండీ. మనోళ్ళేనా?"

"మా క్లబ్బోడు."

"అది కాదండీ నేనడిగేది."

ఆయన అడిగేది ఏమిటో మాస్టారికి తెలుసు. చెప్పారు. గుమాస్తా పళ్ళు బయటపెట్టి, "మాకేం పట్టింపుల్లేవండీ, పెద్దాయనకే కాస్త... మీరే సర్దుబాటు చేసుకోండి," అన్నాడు.

ఇక్కడికి వచ్చేసరికి మాస్టారి గొంతు పూర్తిగా పోయింది. నీళ్ళు తాగి మళ్ళీ మొదలుపెట్టారు. 'మా ఆటగాడికి లేని ఆకు మాకూ వద్దు' అనాలనే అనుకున్నారట. లారీ ఎక్కి వెనక్కి పోదామని కూడా అనుకున్నారట. కాని సాయంత్రం ఆట ఉంది. కప్పు ఉంది. పల్నాడంతా చూస్తోంది. అందుకని, చేతులు కడుక్కుని తుడుచుకుంటున్న యాకోబు దగ్గరికి వెళ్ళి, భుజం మీద చెయ్యి వేసి, మనందరం పెళ్ళిళ్ళలో రోజూ అనే మాటే అన్నారు.

"ఒరేయ్, ఇక్కడ చోటు చాలేట్టు లేదు. నువ్వు తర్వాత బంతిలో కూర్చుందువులే."

"అట్టాగే మాస్టారండీ," అన్నాడు యాకోబు.

"చూడమ్మా," అన్నారు మాస్టారు నాతో, "తిట్టినట్టుందా ఆ మాట? ఎవడికైనా తప్పుగా వినపడుద్దా? పొమ్మంటే వాడు కోప్పడేవాడు. కొట్టాటైనా అయ్యేది. నేను ఎంత మర్యాదైన మాట ఏరుకున్నానో చూడు."

యాకోబు వెళ్ళి లారీ నీడలో కూర్చున్నాడు. మొదటి బంతి లేచింది. రెండో బంతి కూర్చుంది, లేచింది. మూడోది ఆ ఊరివాళ్ళకే సరిపోయింది. పిలిచేవాళ్ళెవరూ లేరు. తమవాళ్ళు కబుర్లలో పడ్డారు. ఆ ఇంటివాళ్ళు ఏదో చోట పెట్టే ఉంటారులే అని మాస్టారు మనసుకి చెప్పుకున్నారు. ఆట వేళకి లారీ దగ్గరికి వెళ్ళి, "తిన్నావురా?" అని అడిగారు.

"టయిమైంది మాస్టారండీ, పదండి," అన్నాడట.

ఆ సాయంత్రం యాకోబు ఆడినంతగా ఎప్పుడూ ఆడలేదని నాన్న అంటాడు. లేపిన బంతల్లా అవతలి నేలలో దిగింది. కప్పు రాళ్ళోళ్ళదే. జనం అతన్ని భుజాల మీదికి ఎత్తబోతే, తప్పించుకుని బావి దగ్గరికి పోయి నీళ్ళు తాగాడు. లారీ బయల్దేరేటప్పుడు మాస్టారు పిలిచారు.

"రారా, ఎక్కు."

"మీరు పదండి. నేను తర్వాత బండిలో వస్తాలే మాస్టారండీ," అన్నాడు.

ఆ ఊరి నుంచి మా ఊరికి తర్వాత బండి లేదు. లారీలో కప్పు ఎవరి ఒళ్ళోనూ లేదు, తార్పాలిన్ కింద దొర్లుతూ వచ్చింది. ఫొటో మర్నాడు తీయించారు.

యాకోబు మళ్ళీ కోర్టుకి రాలేదు. అప్పుడే కృష్ణ మీద డ్యాం పని ఊపందుకుంది. రాయి చెక్కడం వచ్చిన చేతులకి అక్కడ గిరాకీ. పెళ్ళాంతో వెళ్ళిపోయాడు. ఒకరిద్దరు కొత్తవాళ్ళతో క్లబ్బు ఇంకొంతకాలం నడిచింది గాని, పోటీలకి పోవడం మానేసింది. కప్పు స్కూలు అద్దాల బీరువాలో ఉంది. దాన్ని తుడిచేది స్కూలు బంట్రోతే. మాస్టారు ముట్టుకోగా నేనెప్పుడూ చూడలేదు.

అంతా చెప్పి ఆయన మళ్ళీ బంతి చేతిలోకి తీసుకున్నారు. "మీరు అప్పటినుంచీ చివర్లోనే తింటున్నారు గదా మాస్టారూ," అన్నాను.

"నేను తింటే వాడికొచ్చేదేముంది? ఊరు నన్ను మెచ్చుకుంటంది, అంతే," అన్నారు. "ఇదొక్కటి వదలడం నాకు రాలేదమ్మా."

నేను ఇంటికి వస్తూ దారంతా నన్ను నేను తిట్టుకున్నాను. ఎంత సంబరంగా వెళ్ళాను! ఒకదాని గడప ఇంకోటి తొక్కదంటూ ఎంత అందంగా చెప్పాననుకున్నాను! మాటలు నాకు ఆటబొమ్మలు. అదే మాట ఇంకొకరి లోపల ముల్లులా విరిగి ఉంటుందని నాకు ఏ పాఠంలోనూ రాలేదు.

నేను కాలేజీకి తిరిగి వచ్చాక మాస్టారు నాన్నని అడిగి, లారీలో డ్యాం దగ్గరికి వెళ్ళారట. అంతకుముందు కూడా ఒకసారి వెళ్ళి, క్లబ్బుకి రమ్మని పిలిచారు. అప్పుడు యాకోబు టీ తెప్పించి, "ఆట మర్చిపోయానండీ," అని పంపేశాడు. ఈసారి ఆయన ఆట మాట ఎత్తలేదు. "ఇవ్వాళ మీ ఇంట్లో అన్నం తింటానురా," అన్నారు.

"మీరు తింటే మీ బాధ పోద్ది మాస్టారండీ. ఆ రోజు నాకేసిన ఆకలి పోద్దా?" అన్నాడు యాకోబు.

వెనక్కి వచ్చి ఆయన మాస్టారమ్మతో, "పెట్టలేదే. న్యాయంగానే మాట్లాడాడు," అన్నారట. ఆ తర్వాతే గొంతులో పుండు బయటపడింది.

ఇదంతా తెలుసు కాబట్టి, హాస్టలు గేటు దగ్గర నాన్న, "రాయి దించి సాగర్ పోతన్నా. యాకోబుకి చెప్పాలి. నువ్వూ వస్తావా?" అన్నప్పుడు నేను ఆలోచించలేదు. వార్డెన్‌ని అడిగి లారీ ఎక్కాను. మాచర్ల దాటేదాకా నాన్న ఒక్కసారి కూడా హారన్ మోగించలేదు.

యాకోబు ఇప్పుడు రాతిపని మేస్త్రీ. కూలీల ఇళ్ళ వరసలో అతనిదొక గది, ముందు రేకుల పంచ. మేము వెళ్ళేసరికి మధ్యాహ్నం భోజనానికి వచ్చి ఉన్నాడు. జుట్టులో రాతిపొడి. నాన్నని చూసి లేచాడు.

"ఏందన్నా, ఈ ఏళప్పుడు? ఈ పిల్లెవరు, నీ కూతురా?"

"మాస్టారు పోయాడ్రా," అన్నాడు నాన్న.

యాకోబు తొట్టి దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కున్నాడు. అవి శుభ్రంగా అయ్యాక కూడా కడుగుతూనే ఉన్నాడు.

"చివర్లో ఏమన్నా తిన్నాడా?" అని అడిగాడు, ఇటు తిరక్కుండా.

"గొంతు పుండుగదా. నెల నుంచీ ఏదీ దిగలా. మాస్టారమ్మ చెంచాతో నీళ్ళు పోసేది. అవీ పక్కలకి కారిపోయేయి."

"అంటే ఆకలితోనే పోయాడన్నమాట." తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. "నన్ను అన్నం అడిగాడన్నా. నేను పెట్టలా."

"నువ్వు చేసింది తప్పు కాదు యాకోబూ."

"తప్పని నేనన్లా. పెట్టలా అన్నా, అంతే."

నాన్న అప్పుడు నేనెన్నడూ విననిది ఒకటి చెప్పాడు. "ఆ రోజు నేను పప్పు రెండోసారి అడిగి ఏయించుకున్నా యాకోబూ. నువ్వు లేవని తెలుసు నాకు. తెలిసే అడిగా. బాగుందిగదా అని."

"తెలుసన్నా," అన్నాడు యాకోబు. "లారీ కాడ్నించి పందిరి బాగా కనపడతది."

అతను నవ్వాడు. ఆ నవ్వు కన్నా తిట్టినా బాగుండేది. లోపలి నుంచి యాకోబు భార్య వచ్చి, ముగ్గురి ముఖాలూ చూసి, "ముందు కూర్చోండి, తిని మాట్లాడుకోండి. పిల్ల ముఖం ఎట్టా పీక్కపోయిందో చూడండి," అంది.

"ఆకలిగా లేదక్కా," అన్నాడు నాన్న.

"ఉంటది," అన్నాడు యాకోబు. "లేదనబాక. కూర్చో."

"నువ్వు కూర్చుంటే కూర్చుంటా."

యాకోబు లోపల మూలనున్న చాప తీసి తనే పరిచాడు. ఆ గదిలో ఎదురెదురుగా కూర్చునే చోటు లేదు. గోడవారగా వరసగా కూర్చున్నాం. గుమ్మం పక్కన నేను, నా పక్కన నాన్న, ఆ చివర యాకోబు. అన్నం, గోంగూర, చింతపండు చారు. నాకు ఆకలి వేస్తూనే ఉంది. ఇలాంటి రోజున వేయకూడదని ఎంత అనుకున్నా, వేడి అన్నం వాసనకి నోట్లో నీళ్ళూరాయి.

నాన్నకీ యాకోబుకీ మధ్య ఒక మనిషి పట్టేంత చాప ఖాళీగా ఉంది. ముందు కూర్చున్నది నాన్నే. తర్వాత కూర్చున్న యాకోబు దగ్గరికి జరగలేదు, నాన్నా జరగలేదు. ఆమె చారు గిన్నెతో నా దగ్గర మొదలుపెట్టి, నాన్నకి పోసి, అలవాటు కొద్దీ పక్కకి వంగి, అక్కడ కంచం లేదని చూసి ఆగింది. గరిట నుంచి చారు చుక్క ఒకటి చాప మీద పడింది. ఆమె ఇటు నాన్న వంకా, అటు తన మగడి వంకా చూసి, ఆ చుక్కని తుడవకుండా, దాన్ని తొక్కకుండా చుట్టి నడిచి, యాకోబు ముందు వంగింది.